అనుమాన ప్రమాణం

కిందటి కార్తీకంలో మా ఇంట్లో రోజూ అర బిందె నీళ్ళు మాయమవుతూ వచ్చాయి. అర బిందెకే ఇంత గోలా అని కాలవ గట్టున ఇళ్ళున్న అక్కచెల్లెళ్ళు నవ్వితే నవ్వండి, నేనేమీ అనుకోను. మాది బత్తలపల్లె. అనంతపురం నుంచి కదిరికి పోయే దారిలో వస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి మమ్మల్ని శ్రీ సత్యసాయి జిల్లాలో చేర్చారు గానీ, జిల్లా పేరు మారినంత మాత్రాన మబ్బులు దారి మార్చుకోవు కదా! నైరుతి గాలిని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్యపు మబ్బు సముద్రం దగ్గర బయల్దేరి ఇంత దూరం వచ్చేసరికి ఒట్టిపోయి ఉంటుంది. రెండు విందుల్లోనూ మేం ఆఖరి పంక్తి వాళ్ళం. వడ్డించేవాడు మా విస్తరి దాకా వచ్చేసరికి గిన్నె అడుగు కనబడుతూ ఉంటుంది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు, ఆ చుట్టుపక్కల. అదీ పడితే.

1990ల నడుమ సత్యసాయి నీళ్ళ పథకం వచ్చాక ఈ ప్రాంతంలో చాలా ఊళ్ళకు గొట్టం నీళ్ళు తెలిశాయి. అంతకు ముందు తరం ఆడవాళ్ళ నడుములను అడిగితే చెబుతాయి నీళ్ళ కథ. ఇప్పటికీ మా వీధి కుళాయి రోజు మార్చి రోజు వస్తుంది. వచ్చినప్పుడు తొట్టి నింపుకుంటాం, ఆ తొట్టిని చూసుకుంటూ రెండు రోజులు గడుపుతాం. ఇటువంటి చోట డబ్బు లెక్క తప్పితే మళ్ళీ ఒకసారి ఎంచి చూస్తారు గానీ, నీళ్ళ లెక్క తప్పితే మాత్రం ముందు మనుషుల వంక చూస్తారు.

నీళ్ళు పోయింది రాగి బాయిలరులోంచి. మీలో కొందరి ఇళ్ళల్లో ఇప్పటికీ ఉండే ఉంటుంది. మా అత్తమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో నీళ్ళ పొయ్యి మీద అండా ఉండేదట, తరవాత ఈ బాయిలరు కొన్నారు. నిలువుగా ఒక రాగి పీపా. దాని నడిమధ్య పైనుంచి కింది దాకా ఒక గొట్టం. ఆ గొట్టంలో కంపచెట్టు పుల్లలో, ఎండిన చీనీ కొమ్మలో, శెనక్కాయ పొట్టో వేసి అంటిస్తాం. పొగ పైకి పోతుంది, బూడిద కింది ఊచల సందుల్లోంచి పళ్ళెంలోకి రాలుతుంది, గొట్టం చుట్టూ ఉన్న నీళ్ళు కాగుతాయి. పట్టేది నలభై లీటర్లు, మా లెక్కలో మూడు బిందెలు. గీజరు కొనుక్కోలేకనా అంటారేమో. కొన్నాం. మా బోరు నీళ్ళకు దానికి లోపల సున్నం పట్టి, మూడేళ్ళు తిరక్కుండానే చచ్చి ఊరుకుంది. రాగి బాయిలరు మాత్రం మా పెళ్ళి కన్నా ముందుది, ఇంకా ఉంది.

సాయంత్రం అంట్లు తోమటానికి వచ్చే ఆమె పని ముగించి, తొట్టిలోంచి మూడు బిందెలు తోడి బాయిలరు నింపి పోతుంది. తెల్లవారుజామున నేను లేచి అంటిస్తాను. ఆమె రాని రోజున నేనే నింపుతాను. నింపుతాను అనటం గొప్పకే. నా మోకాళ్ళు ఒప్పుకోవు గనక రెండు బిందెలతో సరిపెడతాను.

చలి మొదలైన మొదటి వారంలో ఒక ఉదయం మా అత్తమ్మ వెదురు పుల్ల బాయిలరులో ముంచి తీసి చూసింది. ఎనభై ఏళ్ళ మనిషి. కళ్ళజోడు లేకుండా ఆవగింజ వెదకలేదు గానీ నీళ్ళ మట్టం మాత్రం చీకట్లో కూడా చెబుతుంది.

"ఏమ్మే, మూడు పోసిందంటివి. రెండున్నరే ఉండాయే!"

మర్నాడు ఆదివారం. ఆమె రాలేదు. నేను రెండు పోశాను, తెల్లారి చూస్తే రెండూ రెండులాగే ఉన్నాయి. సోమవారం ఆమె పోసింది, రెండున్నర. మంగళవారం రెండున్నర. ఇలా పది రోజులు చూశాం. నేల మీద ఎక్కడా తడి లేదు. కుళాయి కింద చెయ్యి పెడితే పొడిగా ఉంది. బాయిలరు చుట్టూ ప్రదక్షిణం చేశాను, ఒక్క చుక్క కనబడలేదు.

ఆమె పనికి వస్తూ చంకలో తన ప్లాస్టిక్ బిందె తెచ్చుకుంటుంది. ఇంటికి పోతూ వాళ్ళ వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడాలి గనక. చీకటి పడ్డాక మా దొడ్డి వాకిలి దాటే ఆ బిందెలో ఏముందో ఎవరు చూడొచ్చారు అని అత్తమ్మ అనలేదు. నేనూ అనలేదు. మా ఇద్దరి చూపులూ మాత్రం ఒకేసారి ఆ బిందె మీదికి పోయి, ఒకరికొకరం దొరికిపోయినట్టు వెనక్కు వచ్చాయి.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మా తాతగారు పిల్లలందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి తర్కసంగ్రహం వల్లె వేయించేవారు. పదిహేడో శతాబ్దంలో ఆ చిన్న పుస్తకం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. మామిడికాయల మీద ధ్యాసతో చదివిన చదువు గనక నాకు మిగిలింది కొంచెమే. ఏదైనా సంగతి నిజమని తెలుసుకోవటానికి నాలుగు దారులున్నాయట. కంటితో చూడటం ప్రత్యక్షం. చూసినదాన్ని బట్టి చూడనిదాన్ని ఊహించటం అనుమానం. పోలికను బట్టి తెలుసుకోవటం ఉపమానం. నమ్మదగిన మనిషి చెబితే వినటం శబ్దం. కొండ మీద పొగ కనబడింది గనక అక్కడ నిప్పు ఉండి తీరాలి అనేది అనుమానం. ఎంత గౌరవమైన మాటో చూడండి! అది తెలుగు ఇళ్ళల్లోకి వచ్చేసరికి "వాళ్ళాయనకు వట్టి అనుమానం" అనే దాకా ఎందుకు దిగజారిందో నాకు ఆ పది రోజుల్లో తెలిసింది.

ఎందుకంటే నా తర్కంలో తప్పు లేదు. ఆమె పోసిన రోజున నీళ్ళు తగ్గాయి, అది అన్వయం. ఆమె పోయని రోజున తగ్గలేదు, అది వ్యతిరేకం. పదికి పది రోజులూ తేడా రాలేదు. తాతగారు బతికి ఉంటే భేష్ అని వీపు తట్టేవారు.

నేను ఆమెను ఒక్క మాట అనలేదు. ఇది నేను చాలా రోజులు గర్వంగా చెప్పుకున్న సంగతి. మేం చదువుకున్నవాళ్ళం, ఋజువు లేకుండా మనిషిని అనటానికి నోరెలా వస్తుంది? కాకపోతే ఆమె నీళ్ళు తోడే వేళకు బియ్యం చేట పట్టుకుని దొడ్డి అరుగు మీద కూర్చోవటం మొదలుపెట్టాను. చీకట్లో రాళ్ళేం కనబడతాయని ఆమె అడగలేదు. బాయిలరు లోపలి అంచున పెన్సిలుతో గీత గీశాను. తొట్టి మూత మీద రాయి పెట్టాను, కోతులు వస్తున్నాయని చెప్పి. మా వీధికి కోతులు వచ్చి ఏ కాలమైందో!

ఒక వారం గడిచాక ఒక సాయంత్రం ఆమె "పోయొస్తా మ్మా" అని వాకిట్లో ఆగి, చంకలో బిందెను సర్దుకుంది. సర్దుకోవటంలో దాని మూతి నా వైపు వంగింది. లోపల ఖాళీ. మర్నాడూ అంతే. మూడోనాడూ అంతే. బిందె బరువుకు చెయ్యి లాగుతోంది కాబోలు అనుకున్నాను. ఖాళీ బిందెకు బరువేమిటి అన్న ఆలోచన నాకు రానే లేదు.

పోనీ, ఖాళీ బిందె కళ్ళారా చూశాను గదా, అప్పటికైనా నా అనుమానం పోవాలి గదా? పోలేదు. అది పక్కకు జరిగి కూర్చుంది. తీసుకుపోవటం లేదా, అయితే అసలు పోయటమే తక్కువ పోస్తోందేమో. మూడు బిందెలు తోడటం నేనే చూశానే అంటే, నిండా ముంచటం లేదేమో. నూలుచీర కొంగుకు నిప్పురవ్వ అంటుకున్నట్టు, ఇక్కడ నలిపితే అక్కడ రాజుకుంటుంది.

ఆ రోజుల్లోనే అమెరికా నుంచి, కనెక్టికట్‌లో ఉండే మా చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్ళింటి నేలమాళిగలోనూ ఒక బాయిలరు ఉంది. అది స్నానాలకే కాదు, ఇల్లంతా వెచ్చబెట్టటానికి. ఆ ఈశాన్య రాష్ట్రాల్లో ఇప్పటికీ చాలా ఇళ్ళలో నూనె మంటేనట. కిరసనాయిలుకు దగ్గరి చుట్టం లాంటి నూనె. లారీలో తెచ్చి ఇంటి ట్యాంకులో పోసిపోతారు. కాగిన నీళ్ళు గొట్టాల్లో గదిగదికీ తిరిగి, చల్లారి, మళ్ళీ బాయిలరులోకి వస్తాయి. ఆ బాయిలరు కింద నీళ్ళు మడుగు కడుతున్నాయట.

"ఆకురాలే కాలంలో ఒకతను వచ్చి శుభ్రం చేసిపోయాడక్కా. వాడే ఏదో వదులు చేసి పోయుంటాడని మా అనుమానం" అంది. వాళ్ళు కూడా అతన్ని ఒక్క మాట అనలేదు. ఊరికే ఈసారి ఇంకొకర్ని పిలిచారు.

ఆ వచ్చినవాడి పద్ధతి చెల్లెలు వర్ణించి చెప్పింది. మొదటి అరగంట పనిముట్ల పెట్టె తెరవలేదట. బాయిలరును పైనుంచి కింది దాకా పొడిగుడ్డతో తుడిచి, కింద పొడి కాగితాలు పరిచి, స్టూలు వేసుకుని కూర్చున్నాడట. నీళ్ళు కనబడ్డ చోట చిల్లు ఉండదు, నీరు పల్లానికి పాకుతుంది, చిల్లు పైన ఎక్కడో ఉంటుంది, అంచేత తుడిచి కనిపెట్టుకుని ఉండాలి అన్నాడట. చల్లగా ఉన్నప్పుడు ఒక్క చుక్క లేదు. మంట వెలిగి నీళ్ళు కాగేకొద్దీ ఒత్తిడి చూపే ముల్లు 12 నుంచి పైకి పాకి 30 దగ్గరికి పోయింది. అప్పుడు రక్షణ కోసం పెట్టిన మూత కొంచెం లేచి చుక్కలు వదిలింది. నీళ్ళు కాగితే పెరుగుతాయి గదా. నలభై లీటర్ల నీళ్ళు 25 డిగ్రీల నుంచి 80 దాకా కాగితే దాదాపు ఒక లీటరు పెరుగుతాయి. ఆ పెరిగిన నీటికి చోటివ్వటానికి పక్కన ఒక డబ్బా, అందులో గాలి నింపిన రబ్బరు సంచి. ఆ రబ్బరు పాతబడి చిరిగింది. అంతే. శుభ్రం చేసినవాడికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఇంకో విచిత్రం విన్నాను. నీళ్ళు తగ్గితే వాటంతటవే నిండే ఏర్పాటు ఒకటి ఉందట ఆ బాయిలరుకు. కారినంతా నింపుతూ పోయింది గనక మడుగు కట్టే దాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. కొత్త నీళ్ళతో బాటు కొత్త గాలి చేరి లోపలి ఇనుము తుప్పు పడుతున్నా తెలియలేదు. మాకు అర బిందె తగ్గితే మర్నాటికే పంచాయితీ. నీళ్ళున్న చోట తప్పు దాక్కుంటుంది, లేని చోట తప్పు కన్నా ముందు తప్పు చేసిన మనిషి తయారవుతాడు. రెంటిలో ఏది మేలో నేను తేల్చుకోలేకపోయాను.

"పాపం, ఆ పాతతను?" అన్నాను.

"ఏముందక్కా, మళ్ళీ పిలవలేదు. ఎందుకు పిలవలేదో అతనికెలా తెలుస్తుంది?" అంది చెల్లెలు తేలిగ్గా.

నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ఆ పొద్దున్నే నేను పక్కింటావిడ దగ్గరికి పోయి, పనికి వేరే మనిషి ఎవరైనా దొరుకుతారా అని అడిగి వచ్చాను.

మరునాడే బూడిద పళ్ళెం కడిగి ఆరబెట్టి పరీక్ష మొదలుపెట్టాను. కొత్తగా డిటెక్టివ్ వేషం వేసినవాళ్ళు చేసే తప్పే చేశాను. రెండు బిందెల నీళ్ళతో మంట పెట్టి చూశాను. గొట్టంలోంచి చుయ్, చుయ్ మని చుక్కలు నిప్పుల మీద పడుతున్నాయి! సంబరంగా ఫోన్ చేస్తే మా మరిది నవ్వాడు. "వదినా, అది కారటం కాదు, చెమట. కట్టె కాలితే ఆవిరి పుడుతుంది. అది చల్లటి రాగికి తగిలి చెమర్చుతుంది. కాసేపు ఆగండి." ఆగాను. రాగి వేడెక్కేసరికి పావుగంటలో చుక్కలు ఆగిపోయాయి. కంటితో చూసిన ప్రత్యక్షం కూడా ఇలా మోసం చేస్తే ఇంకేం చెప్పను!

ఆదివారం రాత్రి సరిగా చేశాను. మంట లేదు. పళ్ళెంలో పొడి దినపత్రిక మడత పరిచాను. చిన్న బిందెతో ఆరుసార్లు తిరిగి, మోకాళ్ళను తిట్టుకుంటూ, బాయిలరు అంచు దాకా నేనే నింపాను. తెల్లవారి పళ్ళెం లాగి చూస్తే పేపరు నాని ముద్దయి ఉంది. వెదురు పుల్ల ముంచితే రెండున్నర.

నేను పోసిన నీళ్ళే. నా చేత్తో పోసినవే.

టార్చిలైటు, ముఖం చూసుకునే అద్దం పట్టుకుని గొట్టంలోకి తొంగి చూశాను. మసి మీద పై భాగాన ఒకచోట మొదలై కిందికి తెల్లటి చార. మా నీళ్ళలోని సున్నమే తాను పోయిన దారికి ముగ్గు వేసి పెట్టింది. చార మొదలైన చోట ఆవగింజంత చిల్లు. సెకనుకు మూడు చుక్కల చొప్పున పన్నెండు గంటలు కారితే ఆరున్నర లీటర్లు. అక్షరాలా అర బిందె. గొట్టం లోపలి గోడ మీదుగా జారి బూడిదలో ఇంకిపోతుంటే ఇక నేల మీద తడి ఎక్కడ కనబడుతుంది?

చిల్లు ఉన్నది రెండున్నర బిందెల మట్టం దగ్గర. అంటే నిండా పోసినవాళ్ళ నీళ్ళే పోతాయి. నాలాగా రెండు పోసి ఊరుకున్నవాళ్ళ నీళ్ళు భద్రంగా ఉంటాయి. ఆమె నీళ్ళు మాయమైంది ఆమె పని పూర్తిగా చేసినందుకు. నా నీళ్ళు నిలిచింది నేను సగంలో వదిలేసినందుకు. తాతగారు చెప్పిన ఉపాధి అనే మాట అప్పుడు గుర్తొచ్చింది. పొగ ఉంటే నిప్పు ఉంటుంది, నిజమే. నిప్పు ఉంది గనక పొగ ఉండాలి అంటే మాత్రం తప్పు. ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పుంది, పొగేదీ? పొగకు తడి కట్టె తోడవ్వాలి. లెక్కలోకి రాకుండా వెనక దాగి ఉండే ఆ తడి కట్టెనే ఉపాధి అంటారు. నా లెక్కలో దాగి ఉన్నది ఎవరు పోశారన్నది కాదు, ఎన్ని పోశారన్నది.

ఇంతటితో అయితే నేను ఈ వ్యాసం రాయకపోదును.

ఆ చిల్లు చూడగానే అక్కడ ఒకప్పుడు మాటు ఉండేదని గుర్తొచ్చింది. ఐదారేళ్ళ కిందట సన్నటి బెజ్జం పడితే టంకంతో మాటు వేయించాం. సీసం, తగరం కలిపిన టంకం. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. టంకం 183 దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. కట్టెల మంట దానికన్నా ఎంతో వేడి. మరి రోజూ ఎందుకు కరగదూ అంటే, అవతలి వైపు నీళ్ళు ఉంటాయి గనక. నీళ్ళు వంద డిగ్రీలు దాటవు, తమను ఆనుకున్న రాగిని దాటనివ్వవు. నీళ్ళు ఉన్నంతసేపూ టంకం చెక్కు చెదరదు. బాయిలరులో నీళ్ళు లేకుండా మంట పెట్టకూడదని పెద్దవాళ్ళు చెప్పేది ఇందుకే.

మే నెలలో ఐదు రోజులు కుళాయి రాలేదు. అత్తమ్మకు ఒళ్ళు నొప్పులు, వేడినీళ్ళు కావాలంది. తొట్టి అడుగున మిగిలిన ఒక్క బిందె పోసి మంట పెట్టింది నేను. పైన మాటు దగ్గర నీళ్ళు లేవు. కమురు వాసన వేస్తే గోనెపట్టా కాలుతోందనుకున్నాను. తరవాత వేసవంతా రెండు బిందెలకు మించి పోసే పని లేకపోయింది, చలికాలం దాకా ఎవరికీ తెలియలేదు.

మర్నాడు బూడిద ఎత్తుతూ ఆమె నా దగ్గరికి ఏదో తెచ్చింది. "మ్మా, వెండి గజ్జె పూస మాదిరి ఉండాది. పాప పట్టీలోది ఊడి పడిందేమో సూడు" అని నా చేతిలో పెట్టింది. తళతళలాడే చిన్న గుండు. మా మనవరాలి పట్టీలకు పూసలన్నీ ఉన్నాయే అనుకుని గూట్లో డబ్బాలో వేసి మరిచిపోయాను. ఇప్పుడు తీసి చూశాను. అది టంకం బొట్టు. దొంగ అని నేను పది రోజులు కాపలా కాసిన మనిషి, బూడిదలో దొరికిన వెండి అనుకున్నదాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది. నా తప్పుకు సాక్ష్యం ఆరు నెలలుగా నా గూట్లోనే ఉంది.

"పోనీలేమ్మే. నోరు జారలేదు గదా! కలికాలంలో మనసులో అనుకున్న పాపం అంటదంటారు" అంది అత్తమ్మ. ఆమెకూ లోపల గుచ్చుకుంటూనే ఉంది, అందుకే అంత గట్టిగా అంది.

అంటదా? మనసా వాచా కర్మణా అని మూడింటిని వేరువేరుగా చెప్పారు గానీ, మనసు అనేది మూత బిగించిన డబ్బా కాదు గదా. నా మనసులోది వాచా రాలేదు, నిజమే. మధ్యలో నోటిని దాటేసి నేరుగా చేట పట్టుకుని అరుగు మీద కూర్చుంది. తొట్టి మూత మీద రాయై కూర్చుంది. పక్కింటికి పోయి వేరే మనిషిని అడిగి వచ్చింది. నోటితో అని ఉంటే ఆమె లేదనేది, పోట్లాడేది, ఏడ్చేది, బూడిద ఎత్తి చూడు అనేది. అనకపోవటం వల్ల ఆమెకు ఆ అవకాశం కూడా లేకుండా చేశాను. నా మంచితనమని నేను మురిసిపోయింది దాన్ని చూసుకునే!

మరి ఇప్పుడు చెప్పాలా? మా వారు వద్దన్నారు. "బాయిలరు బాగు చేయించు, అయిపోతుంది. నిన్ను దొంగ అనుకున్నాను, క్షమించు అంటే ఆమెకు కొత్తగా దెబ్బ తగులుతుంది. నీ గుండె బరువు దిగటానికి ఆమె నెత్తిన పెడతావా?" ఆ మాటలో న్యాయం లేకపోలేదు. క్షమాపణలు చాలావాటికి ఆ గుణం ఉంది, అడిగేవాళ్ళకు హాయి, వినేవాళ్ళకు చాకిరీ. ఒప్పుకుంటే ఒక బాధ, ఒప్పుకోకపోతే ఇంకో బాధ అని మూడు రోజులు ఊగాను. మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. ఈ మూడు రోజుల్లో ఆమె వంక నేరుగా చూడలేకపోయానన్నది మాత్రం నిజం. చూడకపోతే అదీ ఆమెకు అనుమానంగానే కనబడి ఉంటుంది.

నాలుగోనాడు, ధర్మవరం తీసుకుపోయి ఇత్తడి టంకంతో గట్టిగా మాటు వేయించుకు వచ్చిన బాయిలరును చూపిస్తూ, క్షమాపణ లాంటిదేమీ లేకుండా, మామూలుగా చెబుతున్నట్టు అన్నాను: "నీళ్ళు తగ్గుతున్నాయని చూస్తే, ఇదిగో, ఇక్కడ చిల్లు. లోపల్లోపలే కారిపోతున్నాయి."

ఆమె మాటు మీద వేలితో తడిమి చూసింది. "నాకు తెల్సు మ్మా" అంది.

"తెలుసా? ఎప్పటి నుంచి?"

"చలి పడినాంక. పొద్దున బూడిద ఎత్తేటప్పుడు తడి తడిగా ముద్దగా ఉంటాండె. నీళ్ళు కారతాండాయి అనుకొంటి."

"మరి చెప్పలేదేం?"

ఆమె చీపురు తీసుకుని ఒక్క క్షణం ఆగింది. "యాడ సెప్పేది మ్మా. మీరు అప్పటికే అరుగు మీద కూసుంటాంటిరి. నేను తీసకపోయి బాయిలరు మీద సెప్తాండా అనుకొంటారని."

నాలుగు ప్రమాణాల్లో మొదటి మూడూ వాడుకున్నాను. కంటితో చూశాను, ఊహించాను, అమెరికా బాయిలరుతో పోల్చుకున్నాను. నాలుగోది నా దొడ్లోనే, రోజూ నా బూడిద ఎత్తుతూ, అడిగితే చెప్పటానికి సిద్ధంగా ఉండింది. రెండోదాన్ని పట్టుకుని కూర్చుని నాలుగోదాని నోరు నేనే మూశాను. తర్కసంగ్రహంలో ఈ ముక్క ఉందేమో, నాకు మామిడికాయల గొడవలో వినబడి ఉండదు.

"తప్పయింది" అన్నాను. ఇంకేమీ కలపలేదు.

"దాందేముందిలే మ్మా" అంది గానీ నా ముఖం చూడలేదు. ఆ మాట అందరూ అనేదే, క్షమించినవాళ్ళూ అంటారు, క్షమించనివాళ్ళూ అంటారు.

పని అయ్యాక పోబోతుంటే, "ఇక మీద పోతూ పోతూ మా తొట్టిలో ఒక బిందె ముంచుకుపో. చీకట్లో ఆ వరసలో ఎందుకు నిలబడతావు?" అన్నాను. ఇన్నేళ్ళుగా ఆమె ఖాళీ బిందెతోనే మా ఇంటికి వచ్చి పోతోందని, ఈ మాట ఎప్పుడో అనవలసిందని, అనేటప్పుడే తోచింది.

"వద్దులే మ్మా. మా వీది కుళాయి వస్తాండాదిప్పుడు" అంది.

వాకిలి దగ్గర ఆగి, "పోయొస్తా" అని, అలవాటుగా చంకలో బిందెను సర్దుకుంది. మూతి నా వైపు వంగింది. నేను గబుక్కున తల తిప్పుకున్నాను. తిప్పుకున్నది ఆమె చూసింది.